తినమంటారు, లావంటారు

బరంపురంలో ఏ తెలుగు పెళ్లికెళ్లినా ఇదే గోల. ఆడపిల్ల కనబడగానే ముందు ఒళ్లు చూస్తారు. "ఏమ్మా, బాగా ఒళ్లు చేశావ్!" బాగున్నావా అని అడగడానికి నోరు రాదా? అదే పిన్ని భోజనాల దగ్గర, "ఇంకో బూరె వేసుకో, మొహమాటమేంటి" అంటుంది. వేసుకోవాలా, మానాలా? ఏదో ఒకటి తేల్చండి!

పెళ్లిచూపులంటే ఇంకా ఘోరం. రాత్రి అన్నం బంద్. పర్లాకిమిడి సంబంధం వాళ్లకి పిల్ల సన్నగా ఉండాలట. పెళ్లికొడుకు బొజ్జ మాత్రం కలిగినింటి లక్షణం! పిల్ల తిండి మానేస్తే "ఎంత కంట్రోలో" అని మెచ్చుకోలు. నెలసరి ఆగినా, జుట్టు ఊడినా దిష్టి తీస్తారు తప్ప డాక్టర్‌కి చూపించరు. ఇక శనివారం ఒక్కపొద్దు అందంటే అడిగేవాళ్లే లేరు. భక్తో, లావవుతానన్న భయమో ఎవరికి తెలుసు?

ఈ సన్నదనం పిచ్చి ఎంతదాకా పోతుందో చూడండి. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. 1998లో అక్కడి బడిపిల్లల్ని అడిగితే, లావు తగ్గాలని తిన్నది కక్కేస్తున్నామని ఆడపిల్లల్లో నూటికి 11 మంది చెప్పారు. అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. వాళ్లకి టీవీ ఒక్కటే. మనకి టీవీ, చేతిలో ఫోను, పైగా ఇంటినిండా చుట్టాలు!