ఈ కామా గోల ఏంటండీ బాబూ

ఇంగ్లీషులో కామా ఎక్కడ పెట్టాలో ఏ ఇద్దరూ ఒక మాట మీద ఉండరు. మూడు పేర్లు వరసగా రాసి చివరి 'అండ్' ముందు కామా పెడితే లండన్ క్లయింటు తీసేస్తాడు, తీసేసి పంపితే అమెరికా ఆవిడ మళ్ళీ పెడుతుంది, మధ్యలో ఆ ఫైలు పట్టుకుని నలిగేది నేను. పోనీ చిన్న విషయమే కదా అని వదిలేద్దామా అంటే, అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రపు ఓవర్‌టైమ్ చట్టంలో సరిగ్గా ఆ కామా లేదనే పాల కంపెనీ డ్రైవర్లు 2017లో అప్పీలు కోర్టులో గెలిచారు, మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది! ఇక అపాస్ట్రఫీ, అదే అక్షరం పక్కన పైన వేలాడే ఆ చిన్న కొక్కెం (’). రాముడిదైనా సీతదైనా పెట్టి తీరాలట, 'ఇట్స్' దగ్గరికొచ్చేసరికి మాత్రం 'దానిది' అనే అర్థంలో పెడితే తప్పట. ఎందుకూ అంటే, అదంతే అంటారు.