పాతదనం తయారుచేసే విధానం

అమెరికాలోని కనెక్టికట్‌లో లిచ్‌ఫీల్డ్ అనే ఊరుంది. నడుమ పచ్చిక మైదానం, దాన్ని గ్రీన్ అంటారు. చుట్టూ తెల్లటి ఇళ్లు, తెల్లటి చర్చి. వచ్చినవాళ్లు ‘అబ్బ, 1700ల నాటి నుంచీ ఇలాగే ఉందే’ అని మురిసిపోవడం ఆచారం. ఆ కాలంలో చాలా ఇళ్లకు రంగే లేదు, ఉన్నవాటిలో ఎరుపూ పసుపూ మామూలే. ఈ తెల్లదనం తర్వాతి తరాలు శ్రద్ధగా పూసిన పాతదనం.

చర్చి సంగతే చూడండి. 1829లో కట్టారు. 1873లో మోజు తీరి, పక్కకు జరిపి, కోసు తోరణాల గోథిక్ శైలిలో కొత్తది లేపారు. పాతది సినిమా హాలు వేషం దాకా వేసింది. 1929లో పాతదనానికి గిరాకీ రాగానే గోథిక్‌ను పడగొట్టి, సినిమా హాలును వెనక్కి తెచ్చి, శిఖరం తొడిగి నిలబెట్టారు. కూలేనాటికి గోథిక్ వయసు 56. ఇప్పటి అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకు 50 ఏళ్లుంటే సాధారణంగా చాలు. పాపం, అప్పటికి జాబితాయే పుట్టలేదు.

1959 నుంచి ఇది చట్టం కాపాడే చారిత్రక ప్రాంతం. వీధిలోంచి కనబడే భాగం ఏది మార్చాలన్నా ఆ ప్రాంతాన్ని చూసుకునే కమిషన్ అనుమతి కావాలి. కనబడని పెరటి గోడ జోలికి చట్టం రాదు, చరిత్రకు వీపు లేదు కాబట్టి. రంగు జోలికీ రాదు. అయినా అందరూ తెలుపే వేస్తారు, ఇరుగుపొరుగు చూపుల ముందు చట్టమెంత?

పాతదనం కావాలంటే కిటికీకి పైన ఆరు, కింద ఆరు చిన్న గాజు పలకలుండాలి. ఖర్చు తగ్గుతుందని రెండు పొరల పెద్ద అద్దం ఒకటే బిగించి, ఆ పొరల మధ్య ఉత్తుత్తి పట్టీలు పెడితే వాటికి నీడ పడదు. ఎండలో దొంగతనం బయటపడిపోతుంది. గోడకు సెడార్ చెక్క పలకలు. ముందువైపు మాత్రమే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి, వెనకవైపూ కోసిన అంచులూ వదిలేస్తే ఇంట్లోని ఆవిరి గోడ దాటి చెక్కను వెనక నుంచి తడుపుతుంది, కొన్ని చలికాలాలకే రంగు పొలుసులు లేస్తుంది. ఆ పొలుసులను పొడిగా గీకకండి. 1978కి ముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ ధూళి విషం, తడిపి గీకాలి.

దరఖాస్తు మీద కమిషన్ 65 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఒప్పుకున్నట్టే.

సీసం అంటే ఈ ఊరికి పాత చుట్టరికం. 1776 జులై 9న బ్రిటన్‌పై స్వాతంత్ర్య యుద్ధం నడుమ న్యూయార్క్ జనం బ్రిటిష్ రాజు మూడో జార్జి సీసపు విగ్రహాన్ని కూల్చారు. ముక్కలు ఈ ఊరి నాయకుడు ఆలివర్ వోల్కాట్ గారింటికి చేరితే, ఆడవాళ్లూ పిల్లలూ కరిగించి 42,088 తూటాలు పోశారు. అప్పుడే కమిషన్ ఉండి, కొలిమి వీధికి కనబడి ఉంటే? కూల్చిన రోజే దరఖాస్తు పెట్టినా గడువు సెప్టెంబరు 12. న్యూయార్క్ బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది 15న. మూడు రోజులు మిగిలేవి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే.