పొరల మధ్య దారి ఉంటే చమురు దక్కదా?

మా హనుమకొండ దోస్తుల వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఒకే మెసేజ్ చక్కర్లు కొడుతోంది. అందులో మాటలు మూడు. చమురు బావిలోకి నీళ్లు పంపితే చమురంతా పైకి తేలివస్తుందట. రాతిపొరల మధ్య నీళ్లకు దారి ఉంటే పని చెడ్డట్టేనట. అప్పుడు ఎక్కువ నీళ్లు తాగే పొరను బావి దగ్గర మూసేస్తే సరిపోతుందట.

మొదటి మాటకు ఎక్కువసేపు అక్కర్లేదు. తేలడానికి కింద చమురు చెరువేమీ లేదు. చమురు ఉండేది ఇసుకరాయి, సున్నపురాయి లోపలి సన్నని రంధ్రాల్లో. ఒక బావిలోంచి పంపిన నీళ్లు దాన్ని ఇంకో బావి వైపు నెట్టాలి. నీళ్లు దాటిపోయిన చోటా కొంత చమురు చిక్కుకుని ఉండిపోతుంది. ముంబై హై చమురు క్షేత్రంలో సముద్రపు నీటిని శుద్ధి చేసి రాతిలోకి పంపేది ఈ నెట్టుడు కోసమే.

అసలు తిరకాసు రెండో మాటలో ఉంది. నీళ్లు సులువుగా పారే గుల్ల పొర ఒకటి, కష్టంగా పారే బిగువు పొర ఒకటి అనుకోండి. మధ్యలో బంకమన్ను రాయి అడ్డుంటే నీళ్లు గుల్ల పొరలోనే ఉరుకుతాయి, బిగువు పొర వెనకబడుతుంది. నీళ్లు నెడితే ఎంత చమురు వస్తుందో అంచనా వేసే 1950 నాటి డైక్‌స్ట్రా-పార్సన్స్ లెక్క ఇలా పొరలు విడివిడిగా ఉన్నాయనుకుని చేసిందే. దారి ఉంటే కథ మారుతుంది. చమురు పలుచగా ఉండి, రాతిలో నీళ్ల కన్నా సులువుగా కదిలేదైతే, గుల్ల పొరలో ముందుకు పోయిన నీళ్లు పక్కనున్న బిగువు పొరలోకి మళ్లుతాయి, వెనకబడినది అందుకుంటుంది. అంటే దారి ఉండడమే మేలు. చమురు చిక్కనిదైతే తలకిందులు: బిగువు పొరకు రావాల్సిన నీళ్లు కూడా గుల్ల పొరలోకే జారుకుంటాయి. జపాటా, లేక్ అనే పరిశోధకులు 1981లోనే దీన్ని లెక్కగట్టి చూపారు. మెసేజ్ రాసినాయన ఈ రెండో సగమే పట్టుకున్నాడు.

ఇంకోటుంది. తడిగుడ్డ మీద సుద్దముక్క నిలబెట్టి చూడండి, తడి దానంతటదే పైకి పాకుతుంది. నీళ్లంటే ఇష్టపడే రాయైతే బిగువు పొర కూడా పక్క పొర నీళ్లను ఇలాగే పీల్చుకుని, తన చమురును బయటికి తోస్తుంది. నీళ్ల కన్నా చమురునే ఇష్టపడే రాతిలో మాత్రం ఈ ఆశ పెట్టుకోవద్దు. బరువు సంగతీ చూడాలి: గుల్ల పొర పైన ఉంటే నీళ్లు కిందికి దిగి బిగువు పొరనూ కడుగుతాయి, కిందుంటే అడుగునే పారి పైదాన్ని వదిలేస్తాయి.

మూడో మాటకు పరకాల దగ్గర మా బాబాయి బోరే జవాబు. పై నుంచి ఉప్పునీళ్లు దిగుతున్నాయని లోపల సన్న కేసింగ్ వేయించాడు. కొన్నాళ్లు నీళ్లు తియ్యగా వచ్చాయి, తర్వాత మళ్లీ ఉప్పే. "పైపు మంచిగనే ఉంది బిడ్డా, నీళ్లే చుట్టు తిరిగొస్తున్నయ్" అన్నాడు. చమురు పొరల్లోనూ అంతే. మధ్యలో అడ్డు లేకపోతే బావి చుట్టూ వేసిన సిమెంటునో జెల్‌నో నీళ్లు దాటుకుని, అవతల మళ్లీ గుల్ల పొరలోకే చేరతాయి. మూత పనిచేసేది అడ్డు గట్టిగా ఉన్న చోట. లేని చోట పాలిమర్ కలిపి నీళ్లనే చిక్కబరుస్తారు. అప్పుడు నీళ్ల కన్నా చమురే సులువుగా కదులుతుంది కాబట్టి ఆ దారే అక్కరకొస్తుంది.

అందుకని మూసే ముందు పొరపొరకూ ఒత్తిడి కొలుస్తారు. కొన్నేళ్లు చమురు తోడాక కూడా పక్కపక్క పొరల్లో ఒత్తిడి బాగా తేడాగా ఉంటే మధ్యలో అడ్డు ఉన్నట్టు. రెంటిలో కలిసికట్టుగా పడిపోతే దారి ఉందని అనుమానించాలి.