క్రియాటినిన్ ఒక్కసారి చూస్తే సరిపోదు

కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా నలుగుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థమది, వాటి పని తగ్గితే రక్తంలో దాని అంకె పెరుగుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ అరుగు మీద కూర్చున్నా ఎవరికి ఎంత ఉందో చెప్పేస్తారు. ఇన్నేళ్ల ఏడుపు నేర్పిన చదువు అది. కానీ అందులోనే ఒక చిక్కుంది. అంకె పెరిగిందంటే చాలు, ‘మనకీ వచ్చేసింది’ అని ఇంటిల్లిపాదీ డీలా పడిపోతారు. ఏళ్ల తరబడి కిడ్నీని తినేసే జబ్బు వేరు, గంటల్లో, రోజుల్లో వచ్చిపడే దెబ్బ వేరు. రెండోదాన్ని వేళకు పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. దాన్నీ మొదటిదాని ఖాతాలో వేసేస్తే, నయమయ్యేదాన్ని చేజేతులా వదిలేసినట్టే.

తేడా ఒక్క రిపోర్టుతో తేలదు. డాక్టర్ల లెక్క ఇది: 48 గంటల్లో క్రియాటినిన్ (డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో) 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లయినా కిడ్నీకి తీవ్రమైన దెబ్బ తగిలినట్టు. మూత్రం తగ్గినా అంతే. 60 కిలోల మనిషికి ఆరు గంటల్లో 180 మిల్లీలీటర్లు కూడా రాలేదంటే అనుమానించాల్సిందే. సన్నగా ఉండే ఒక కూలీ మహిళకు మామూలుగా 0.6 ఉంటుందనుకోండి. విరేచనాలు పట్టుకున్న మూడో రోజు 1.1 వచ్చింది. చాలా ల్యాబుల కాగితాల మీద అది నార్మలే. కానీ ఆమె కిడ్నీల పని సగానికి సగం పడిపోయి ఉండొచ్చు. పాత రిపోర్టు పక్కన పెట్టి చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. పైగా దెబ్బ తగిలిన వెంటనే ఈ అంకె పెరగదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజు బాగుందని ఊరుకోకూడదు.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలింది. అలాంటప్పుడు పెట్టే వైద్య శిబిరాల్లో సెలైన్ ఎన్ని బాటిళ్లు ఎక్కిందో అడిగినంత గట్టిగా, మూత్రం ఎంత వచ్చిందో కూడా అడగాలి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం అందదు. ఆ స్థితిలో ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ మింగితే ఉన్న కాస్త రక్తప్రసరణా తగ్గుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ఈ మాత్ర విషయంలో మనకున్న ధీమా చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. కొన్ని రకాల బీపీ మాత్రలూ వాంతులు, విరేచనాల రోజుల్లో ఆపాల్సి రావచ్చు, డాక్టర్ని అడిగే ఆపాలి. చిన్న పురుగు కుట్టడంతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, మలేరియా, రక్తపింజరి కాటు కూడా కిడ్నీని దెబ్బతీస్తాయి. పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ వాపు మూత్రానికి అడ్డుపడొచ్చు, స్కానింగ్‌లో అది తెలిసిపోతుంది.

వైద్యం అంటే ముందు ఆ కారణాన్ని తొలగించడమే. నీరు తగ్గినవాళ్లకు సెలైన్ ప్రాణం నిలుపుతుంది. మూత్రం ఆగిపోయి కాళ్లు, ముఖం ఉబ్బినవాళ్లకు అదే సెలైన్ ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరాడనివ్వదు. మన ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది, కొబ్బరి బొండాం. నీరసంగా ఉన్నవాళ్లకు ప్రేమగా కొట్టిస్తాం. అందులో పొటాషియం ఎక్కువ. మూత్రం రానివాళ్లకు అది రక్తంలో పేరుకుని గుండెనే ఆపేయగలదు. ఇక డయాలసిస్ మాట వినగానే జీవితాంతం అనుకుని భయపడి ఇంటికి తీసుకెళ్లిపోవద్దు. ఇలాంటి దెబ్బలో చాలామందికి అది కొన్నాళ్ల ఊతమే.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అవసరమైనవే. కానీ ఈ దెబ్బ దగ్గర గెలుపోటములు తేలేది పీహెచ్‌సీలో, మందుల షాపు గుమ్మం దగ్గర. జ్వరం, విరేచనాలతో చేరిన ప్రతి మనిషికీ రెండు రోజుల తేడాతో రెండుసార్లు క్రియాటినిన్ చూడాలి. కోలుకున్నవాళ్లకూ తర్వాత దీర్ఘకాలిక జబ్బు ముప్పు ఎక్కువే. కాబట్టి డిశ్చార్జి కాగితం మీద చివరి అంకెతోపాటు, మూడు నెలల తర్వాత రావాల్సిన తేదీ కూడా రాసివ్వాలి. ఆ రోజు రానివాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి అడిగే ఏర్పాటు ఉండాలి.