సవరణ: వైఫై కార్డు పోలేదు, డ్రైవరే తయారవలేదు

లైనక్స్ అప్‌డేట్ తర్వాత వైఫై మాయమైతే కార్డు పోయినట్టేనని, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొత్తది కొనుక్కోమని మొన్న రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరైనా డబ్బు ఖర్చు పెట్టి ఉంటే క్షమించండి.

నిన్న రాత్రి గ్రబ్ మెనూలో (కంప్యూటర్ ఆన్ చేయగానే దేన్ని బూట్ చేయాలో ఎంచుకునే తెర) పాత కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఎంచుకుని బూట్ చేస్తే, ప్యానెల్‌లో వైఫై గుర్తు వెంటనే ప్రత్యక్షమైంది. కార్డు భేషుగ్గా ఉంది! కార్డును నడిపించే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు; నాది కెర్నల్‌తో వచ్చింది కాదు, విడిగా వేసుకున్న డ్రైవర్. కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే టూల్ దాన్ని ఆ కెర్నల్ కోసం మళ్లీ కంపైల్ చేయాలి, అంటే తయారు చేయాలి. అందుకు అదే వెర్షన్ కెర్నల్ హెడర్స్ (కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు) ఉండాలి, నా ల్యాప్‌టాప్‌లో అవి లేవు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి (ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కి ఇచ్చి) హెడర్స్ దించుకున్నాను. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే కొత్త కెర్నల్‌లోనూ వైఫై వచ్చింది.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌లను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉన్నవాళ్లు ఈ డ్రైవర్ మాడ్యూల్ డిజిటల్ సంతకం కీని కూడా ఒకసారి నమోదు చేయాలి, లేకపోతే డ్రైవర్ లోడ్ కాదు.