మా ఇంట్లో తిరుగుబాటు నా ఆధ్వర్యంలోనే

ముందే ఒక విషయం క్లియర్‌గా చెప్పేస్తాను, నేను నియంతని కాను. మా ఇంట్లో ఏ ఆల్బమ్ పెట్టాలి, ఏ సైడు ముందు పెట్టాలి, వాల్యూమ్ ఎంత ఉండాలి, మధ్యలో ఎవరు మాట్లాడొచ్చు అనేవి మాత్రమే నేను డిసైడ్ చేస్తాను, మిగతా అన్నిట్లో పూర్తి ప్రజాస్వామ్యం. నేను పంక్ మనిషిని, అంటే వేగంగా, కోపంగా, ఎవరి మాటా లెక్కచేయకుండా వాయించే రాక్ సంగీతం వినేవాణ్ణి కాబట్టి అధికారం అంటే నాకు అస్సలు పడదు, అది ఎవరి చేతిలో ఉన్నా పడదు, నా చేతిలో ఉన్నప్పుడు మాత్రం కాస్త సర్దుకుపోతాను.

నా భార్య పాప్ మనిషి. ఈ మాట నలుగురిలో చెప్పడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. పెళ్లికి ముందు పాటలు వింటావా అని అడిగితే వింటాను అంది, ఏ పాటలు అని అడక్కపోవడం ముమ్మాటికీ నా తప్పే.

రోజూ గొడవెందుకని ఈ మధ్య ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రతి ఆదివారం రాత్రి ఒక ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినాలి, ఒక వారం నా ఛాయిస్, ఒక వారం తనది, అయిపోయాక నోట్‌బుక్‌లో ఎవరి కాలమ్‌లో వాళ్లు పదికి మార్కులేసి పక్కన కారణం రాయాలి. నా కారణాలు అరపేజీ ఉంటాయి, బాణం గుర్తులు, కింద రెండు గీతలు, మార్జిన్‌లో కొనసాగింపు. తనవి ఒక్క లైను. ఆ ఒక్క లైను చదివాక నాకు నిద్ర పట్టదు, అది వేరే సంగతి.

మొదటి వారం నాది కాబట్టి న్యూయార్క్ పంక్ బ్యాండ్ రామోన్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బమ్ పెట్టా. పెట్టేముందు చిన్న పరిచయం ఇచ్చా, ఆ నలుగురూ అన్నదమ్ములు కాకపోయినా అందరూ రామోన్ అనే ఇంటిపేరు ఎందుకు తగిలించుకున్నారు, సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో రికార్డింగ్ ఎలా ముగించేశారు, దానివల్ల సంగీతంలో పేరుకున్న బూజు ఎలా వదిలింది, అంతా చెప్పా. ఆల్బమ్ 29 నిమిషాలు, నా పరిచయం 35. మొత్తం 14 పాటలు అయ్యాక తను తన కాలమ్‌లో 5 వేసి, "14 పాటలన్నారు, ఒకటి విన్నాను. మిగతా 13 ఎప్పుడు పెడతారు?" అని రాసింది.

నేను ఓపిగ్గా వివరించా. చూడూ, పంక్‌లో గిటార్ మీద మూడే మూడు కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు, వాయిస్తారు, అది లోపం కాదు సిద్ధాంతం, ఇదిగో ఒక కార్డు, ఇదిగో రెండోది, ఇదిగో మూడోది, ఇక పోయి బ్యాండ్ పెట్టుకో అని అప్పట్లో ఒక ఫ్యాన్ పత్రిక చేత్తో బొమ్మగీసి మరీ చూపించింది, నాలుగో కార్డు నేర్చుకున్నవాడు ఆల్రెడీ సగం అమ్ముడుపోయినట్టే అని. తను మొత్తం విని, "అదా సంగతి, మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మీరెప్పుడూ అంటుంటే ఏంటో అనుకున్నా, గిటార్ నుంచి వచ్చిందన్నమాట" అంది.

అంతటితో ఆగితే బావుండేది. రెండు వారాల తర్వాత ఎక్కడ చదివిందో ఏమో, ఆ ఆల్బమ్‌లో మొదటి పాటలో వచ్చే నినాదం ఉంది చూశారూ, పంక్ లోకానికంతటికీ యుద్ధభేరి లాంటిది, అది బే సిటీ రోలర్స్ పాట విని అలాంటిదే తమకీ ఒకటి కావాలని ముచ్చటపడి పెట్టుకున్నదని పట్టుకొచ్చింది. బే సిటీ రోలర్స్ అంటే గళ్ల బట్టలేసుకుని టీనేజ్ అమ్మాయిల కోసం పాడుకునే స్కాట్లాండ్ పాప్ కుర్రాళ్లు. "ఏవండీ విప్లవం గారూ, మీ యుద్ధభేరి మా వాళ్ల దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్నదంట" అంది. నేను ఆ వారం పొడిదగ్గు ఉందని మాట్లాడలేదు.

తన వంతు వచ్చినప్పుడు మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ పెట్టింది, 1982. దీని మీద నా విమర్శ చాలా లోతైనది. ఉన్నవే తొమ్మిది పాటలు, అందులో ఏడు అమెరికాలో టాప్ టెన్‌కి ఎక్కాయి, అంటే ఏంటన్నమాట, మిగతా రెండిటి మీద సరిగ్గా శ్రద్ధ పెట్టలేదనేగా. 4 మార్కులు వేశా. తను నోట్‌బుక్ తీసుకుని ఆ 4 మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఇంకు ఎప్పుడో ఆరిపోయింది. అదే పేజీలో అప్పుడే రాసిన నా కారణం మీద రుద్దితే నీలంగా అలుక్కుపోయింది. ఏమీ అనలేదు, ఆ నీలం వేలు నాకు ఒకసారి చూపించి, తన కాలమ్‌లో "వినకముందే వేసిన మార్కు" అని రాసుకుంది. నేను దానికి సమాధానంగా గిటార్ సోలో బాగుందని ఒప్పుకున్నా. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ వాయించాడు, అది రాక్ కాబట్టి ఒప్పుకోవచ్చు.

తర్వాతి వారం పరువు నిలబెట్టుకుందామని లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ వాళ్ల లండన్ కాలింగ్ తీశా, 1979 డిసెంబర్, 19 పాటల డబుల్ ఆల్బమ్‌ని ఒక్క రికార్డు రేటుకే అమ్మించిన మహానుభావులు. దీన్ని ఎవడైనా ఏమైనా అనగలడా. తను బుద్ధిగా విన్నది, తల కూడా ఊపింది, నేను లోలోపల పొంగిపోతున్నా. చిట్టచివరి పాట వచ్చేసరికి ఒక్కసారి నిటారుగా కూర్చుని ఇదేం పాట అంది. కవర్ తీసుకుని వెనక్కి తిప్పి వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వచ్చింది, లేదు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది, ముందువైపు తిప్పింది, అక్కడ ఆల్బమ్ పేరూ, బేస్ గిటార్‌ని నేలకేసి కొడుతున్న ఫోటో తప్ప ఏమీ లేదు. ఆ పాట చివరి నిమిషంలో చేర్చారు, అప్పటికే కవర్ రెడీ అయిపోవడంతో లిస్టులో పేరు పడలేదని నేనే చెప్పాల్సి వచ్చింది. అది మనసు విరిగిన ప్రేమ పాట అని, అమెరికాలో ఆ బ్యాండ్‌కి మొదటి పెద్ద హిట్టు అదేనని కూడా చెప్పాల్సి వచ్చింది, అబద్ధం చెప్తే మళ్లీ ఎక్కడో చదువుతుంది కాబట్టి. తన కాలమ్‌లో 8. కారణం, "కవర్ మీద పేరు లేని పాట బాగుంది. సిగ్గుపడి దాచినట్టున్నారు."

బ్లాండీ విషయం నేనిక్కడ ఎత్తను. రామోన్స్ వాయించిన సీబీజీబీ క్లబ్‌లోనే వాయించి పైకొచ్చిన బ్యాండు, 1978లో పారలల్ లైన్స్‌లో ఏకంగా డిస్కో పాట పెట్టింది. దాన్ని పంక్ అరలో పెట్టాలా పాప్ అరలో పెట్టాలా అన్న విచారణ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది, ఈలోగా అది కుర్చీ మీద ఉంది, కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.

గ్రీన్ డే గొడవ వేరే. 1994లో ఆ బ్యాండ్ ఆల్బమ్ డూకీ వచ్చింది, అమెరికాలోనే కోటి కాపీలు దాటింది, తనకి ప్రాణం. అది పంక్ కాదని నేను తీర్పు ఇచ్చా. సాక్ష్యం కూడా చూపించా, వాళ్లు పెరిగిన బర్క్‌లీలోని గిల్మన్ స్ట్రీట్ క్లబ్బే, పెద్ద కంపెనీతో సంతకం పెట్టిన బ్యాండ్లని రానివ్వం అనే రూలు ప్రకారం వాళ్లకి స్టేజీ లేకుండా చేసింది అని. తను కాసేపు ఆలోచించి, "రూల్స్ వద్దనే వాళ్ల క్లబ్బుకి గేటు దగ్గర రూలా" అని, ఆగి, "మీరు అక్కడ వాచ్‌మన్‌గా బాగా పనికొస్తారు" అంది. నేను దాన్ని కాంప్లిమెంట్‌గానే తీసుకున్నా.

ఇక అసలు సమస్య స్కా.

స్కా ఎవరిది అన్నదాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ ఐక్యరాజ్యసమితిలో కూడా జరిగుండదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, స్కా జమైకాలో పుట్టిన సంగీతం, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్కపెడుతూ కాలు తడితే, మామూలు పాటలో గిటార్ కాలితో పాటే పడుతుంది, స్కాలో మాత్రం కాలు పైకి లేచిన ఆ ఖాళీలో పడుతుంది, చటుక్కున, ఎవరో వెనకనుంచి గిల్లినట్టు. పైన ట్రంపెట్లూ ట్రాంబోన్లూ. విన్నవాడు కూర్చోలేడు. నా వాదన, స్కా పంక్‌కి చెందుతుంది, ఎందుకంటే 1979లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జెర్రీ డామర్స్ టూ టోన్ అనే రికార్డు కంపెనీ పెట్టి స్కాకి పంక్ కోపం ఎక్కించాడు, నల్ల గళ్లూ తెల్ల గళ్లూ గుర్తుగా పెట్టి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే స్టేజీ ఎక్కారు, ఇంతకన్నా తిరుగుబాటు ఏం కావాలి. తన వాదన, 1964లోనే మిల్లీ స్మాల్ అనే టీనేజ్ జమైకా అమ్మాయి తన కుర్రాణ్ణి లాలీపాప్ అంటూ పాట పాడి బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానం దాకా వెళ్లింది, స్కాని ప్రపంచానికి చూపించింది పాప్ పాటే, అప్పటికి మీ పంక్ పుట్టనే లేదు.

అటు 1979, ఇటు 1964, సోఫాకి ఆ చివర ఒకరం ఈ చివర ఒకరం కూర్చుని స్కాని పంచుకుంటున్నాం. జమైకా 1962లో స్వాతంత్ర్యం తెచ్చుకున్నప్పుడు వీధుల్లో మోగిన సంగీతం అది, వాళ్లు దాన్ని మెల్లగా చేసి 1966 ప్రాంతంలో రాక్‌స్టెడీ అన్నారు, ఇంకో రెండేళ్లలో రెగ్గే అన్నారు, ముందుకెళ్లిపోయారు. మేమిద్దరం మాత్రం ఇంకా సరిహద్దులు గీస్తున్నాం, వాళ్లనొక మాట అడగాలని ఇద్దరికీ తట్టలేదు. బ్రిటిష్ వాళ్లు ఇలాంటి సోఫాలోనే కూర్చుని ఉంటారు.

ఇలా ఉండగా మూడు వారాల కింద ఆ డామర్స్ బ్యాండే అయిన స్పెషల్స్ మొదటి ఆల్బమ్ పెట్టాం, 1979, ఎల్విస్ కాస్టెల్లో ప్రొడ్యూస్ చేసింది. మొదటి పాటే ఒక జమైకా గాయకుడి పాత పాటకి కొత్త వెర్షన్, అందులో రికో రోడ్రిగెజ్ ట్రాంబోన్ వాయించాడు, 1967లో ఒరిజినల్‌లో వాయించింది కూడా ఆయనే. ట్రాంబోన్ మొదలవగానే పక్కకి చూశా, తన బొటనవేలు మోకాలి మీద సరిగ్గా ఆ ఖాళీలోనే పడుతోంది. నాకు ఎప్పుడూ ఖాళీ దొరకదు, నేను అంకె మీదే కొడతా. అది తనకి చెప్పలేదు.

అయిపోయింది. నోట్‌బుక్ తీశాం. నేను 8 వేశా. తను 8 వేసింది.

ఇద్దరం ఆ పేజీ వైపు చూస్తూ ఉండిపోయాం. ఇంతవరకు ఎప్పుడూ జరగలేదు. నా కాలమ్‌లో అరపేజీ ఖాళీ, రాయడానికి ఏముంది, తన లైన్‌లో "బాగుంది" అని ఉంది. మామూలుగా పదకొండు దాకా వాదించుకునే వాళ్లం ఆ రోజు తొమ్మిదింపావుకి లైట్లు ఆర్పేశాం. చీకట్లో తను "మీకు ఒంట్లో బానే ఉందా" అని అడిగింది. నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. తర్వాత వారమంతా ఇంట్లో ఒక రకమైన మర్యాద, నువ్వు పెట్టు అంటే లేదు మీరే పెట్టండి అని, పైవాళ్లకి ఇంట్లో ఎవరో పోయారేమో అనిపించేలా.

ఆ పై ఆదివారం ఇద్దరం ఒకేసారి అన్నాం, అది మళ్లీ వినాలి అని. ఈసారి మధ్యలో ఒక్క మాట లేకుండా విన్నాం, ఇద్దరి చేతిలో చెరో పెన్ను. నేను 8 కొట్టేసి 9 వేశా, ఇది పంక్ తెగువ, మొదటిసారి గమనించలేదు అని అరపేజీ నింపేశా. తను 8 కొట్టేసి 7 వేసింది. ఎందుకు అని అరిచా. రెండో సైడులో రెండు పాటలు ఒకేలా ఉన్నాయంది. ఏ రెండు అన్నా. ఏవో రెండు అంది. రాత్రి పన్నెండున్నర అయింది తేలేసరికి, తేలలేదు కూడా. పొద్దున్న లేచి చూస్తే తన 7 పక్కన కొత్తగా ఒక లైను రాసి ఉంది, "ఇంకోసారి పెడితే 6 కూడా కావచ్చు, ఆదివారం చూద్దాం."