కిందివాడికి అందించు: ఒక సేఫ్టీ పాలసీ

మార్చి దాటితే హైదరాబాద్‌లో ఏసీ సర్వీసు సంస్థలు మొలుస్తాయి. పెట్టుబడి ఒక స్కూటీ, ఒక గేజి, ఒక జెట్ పంపు, వెయ్యి విజిటింగ్ కార్డులు. సీటే హెడ్డాఫీసు, కాళ్ల దగ్గర పెట్టుకున్న గ్యాస్ సిలిండరే గోదాము. ఇలాంటి సంస్థల్లో భద్రత అనే ఊసే లేదని కొందరు మేధావులు పెదవి విరుస్తుంటారు. నాకైతే వాళ్ల అజ్ఞానం మీద జాలి. పెద్ద ఫ్యాక్టరీలు ప్రమాదాన్ని తగ్గించడానికి ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాయి. మన స్కూటీ సంస్థ దాన్ని కిందివాడికి అందించేస్తుంది. చేతులు మారేకొద్దీ అది ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంతకన్నా గొప్ప రిస్క్ మేనేజ్‌మెంట్ ఏ బిజినెస్ స్కూల్లో నేర్పుతున్నారో చెప్పండి.

శ్రీకారం చుట్టేది బిల్డరే. ఐదంతస్తులు కడతాడు, జిమ్ కడతాడు, గుడి కడతాడు, అవుట్‌డోర్ యూనిట్‌కి మాత్రం అడుగున్నర సజ్జ వదులుతాడు. యూనిట్ పెట్టాక అక్కడ పావురం నిలబడొచ్చు. మనిషి ఎక్కడ నిలబడాలని అడిగితే ఎలివేషన్ చెడిపోతుందంటాడు. తర్వాత ఫ్లాటు ఓనరు. బాల్కనీలో పెట్టిస్తే బట్టలారేసుకునే తీగకి వేడిగాలి కొడుతుందని, గోడకి ఇనుప స్టాండు కొట్టించి గాల్లోకి వేలాడదీయిస్తాడు. ఆ తర్వాత సర్వీసు ఓనరు. ఆయన ఫోన్లో "జాగ్రత్తగా చేయండి" అంటాడు. సంస్థ సేఫ్టీ పాలసీ మొత్తం ఆ రెండు మాటలే. రాతలో లేదు కాబట్టి దాన్ని ఉల్లంఘించడం కూడా కుదరదు. మెకానిక్ కిటికీలోంచి కిందికి తొంగి చూసి, పక్కనున్న కుర్రాడి వైపు తిరుగుతాడు: "ఒరేయ్, నువ్వు సన్నగా ఉన్నావుగా, దిగు."

భద్రతా శాస్త్రంలో ఐదు మెట్లు చెబుతారు. ముందు ప్రమాదాన్నే లేకుండా చెయ్యాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న పద్ధతికి మారాలి, అదీ కుదరకపోతే మధ్యలో అడ్డు కట్టాలి, ఆపైన నియమాలు పెట్టాలి. ఇవన్నీ అయ్యాక చిట్టచివర బెల్టూ హెల్మెట్టూ. మనవాళ్లు సమయం వృథా కాకుండా నేరుగా ఐదో మెట్టుకే వెళ్లి, అక్కడ బెల్టు లేదని గమనించి, పని మొదలుపెడతారు. ఒక గ్యాస్ ఫిల్లింగ్ బిల్లు డబ్బుతో బెల్టు వచ్చేస్తుంది. కొన్నా కొక్కెం దేనికి తగిలించాలి? నాలుగు స్క్రూల మీద నిలబడ్డ కిటికీ గ్రిల్లుకా? అందుకని నడుముకో తాడు కట్టి, రెండో కొస లోపల ఇంకొకరు పట్టుకుంటారు. జారితే ఇద్దరూ. అంటే సంస్థ సిబ్బంది మొత్తం.

ఇక కరెంటు. జెట్ పంపు వైరుకి ప్లగ్గు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. రెండు తీగలూ సాకెట్లో దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. నీళ్లు చిమ్మే యంత్రం, తడిసిన నేల, చెప్పుల్లేని కాళ్లు, 230 వోల్టులు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ అనే వస్తువు ఒకటుంది. మాటిమాటికీ పడిపోయి సీరియల్ ఆగిపోతోందని ఓనరుగారు దాన్ని తీసేయించారు. మెయిన్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది కదా అంటారా? దానికి స్క్రూడ్రైవరు పరీక్ష ఉంది. రెండు టెర్మినళ్లకీ ఆనిస్తే టప్ మని మోగితే ఉన్నట్టు. కెపాసిటర్‌కి బదులు మెకానిక్ కేక వినపడితే గట్టిగా ఉన్నట్టు.

గ్యాసు సంగతి క్లుప్తంగా ముగిస్తాను, అసలే మండే స్వభావమున్న విషయం. ఓజోన్ పొరను తినేస్తోందని ఆర్22 అనే పాత ఏసీ గ్యాసును సాగనంపారు. దాని బదులు వచ్చిన ఆర్32 కొద్దిగా మండుతుంది, ఆర్290 అయితే అచ్చంగా ప్రొపేనే. సిలిండర్‌కి 52 డిగ్రీలు దాటి వేడి తగలకూడదంటారు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన స్కూటీకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. లీకు పరీక్షకి నైట్రోజన్ వాడాలి, కానీ ఆ సిలిండరు స్కూటీ మీద పట్టదు. కాబట్టి కంప్రెసర్‌తోనే గాలి లాగిస్తారు. గాలీ లోపలి నూనే కలిసి ఒత్తిడికి వేడెక్కితే కంప్రెసర్ పేలిపోవచ్చు. కంపెనీవాళ్లు ఇది చక్కగా ఇంగ్లీషులో అచ్చువేసి, ఏసీ డబ్బాలో పెట్టి కొన్నవాడికి ఇస్తున్నారు.

చట్టం చూస్తూ ఊరుకుందా అంటే, లేదు, లెక్కపెడుతోంది. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐ వర్తించాలంటే సంస్థలో పదిమంది ఉండాలి. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా మామూలుగా పదిమంది దగ్గరే మొదలవుతుంది. తొమ్మిదిమంది దాకా భూమ్యాకర్షణ పనిచేయదని కాబోలు. ప్రమాదం జరిగితే పరిహారం ఇమ్మని 1923లోనే చట్టం చేశారు. అయితే పడినవాడు ఫలానా యజమాని దగ్గర పనిచేస్తున్నట్టు తేలాలి. జీతం చీటీ లేదు, కాల్‌కి ఇంతని చేతిలో పెట్టడమే. యాప్ ద్వారా వచ్చినవాడైతే అసలు పనివాడే కాదు, పార్ట్‌నర్. లాభంలో ఎంత వాటా అని అడక్కండి, నష్టంలో మాత్రం నూటికి నూరు పాళ్లు.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థలోనూ అప్పుడప్పుడు చీడపురుగులు దూరుతుంటాయి. ఒక మెకానిక్ సజ్జ చూసి, "సార్, ఇలా దిగలేం. పరంజా కట్టాలి, ఇంకో పదిహేను వందలవుతుంది" అంటాడు. అతనికి పడేది ఒక్క స్టారు. రివ్యూలో "పని రాదు, డబ్బు మనిషి" అని రాస్తారు. సాయంత్రానికల్లా ఐదు వందలకే దిగే మనిషి దొరుకుతాడు, అతనికి ఐదు స్టార్లు. జాగ్రత్తపడేవాణ్ని ఇలా ఏరిపారేసే పని ఓనర్లో ప్రభుత్వమో చేస్తోందనుకునేరు. సోఫాలో కూర్చుని, టీ కూడా ఇచ్చి, మనమే చేస్తున్నాం.

కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘాలకు నాదొక సూచన. సజ్జ సురక్షితమో కాదో తేల్చడానికి ఇంజనీర్లకి ఫీజులెందుకు? ఈసారి జనరల్ బాడీ సమావేశం ఐదో అంతస్తు సజ్జ మీదే పెట్టుకుందాం. బిల్డర్‌ని ముఖ్య అతిథిగా పిలుద్దాం. కోరం పదిమంది అని పెడితే చట్టం కూడా వచ్చి కూర్చుంటుంది.